మీరా అనే పేరు అసలు ఏ భాషది? ఒక్కో చోట ఒక్కో అర్థం ఎందుకు?

వానచినుకు:
అందరికీ నమస్తే. నా పేరు మీరా. ఎవరు అర్థం అడిగినా మీరాబాయి పేరండీ, కృష్ణభక్తురాలు అని చెప్పేసేదాన్ని, ఇంకో అర్థం ఉంటుందన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఈమధ్య మా టీంలోకి సెర్బియా నుంచి ఒకావిడ వచ్చింది, ఆవిడ పేరు కూడా మీరానే! నన్ను చూసి మా పేరు నీకెలా వచ్చింది అని అడిగింది, నేనూ సరిగ్గా అదే అడగబోతున్నా. వాళ్ళ భాషలో మీర్ అంటే శాంతి అట. ఇంటికొచ్చి నెట్లో పిల్లల పేర్ల సైట్లు తీస్తే ఒకచోట సముద్రం, ఒకచోట సంపన్నురాలు, ఇంకోచోట వెలుగు, అద్భుతం, రాకుమారి... ఒకే పేరుకి ఇన్నా? ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా లేక ఎవరికి తోచింది వాళ్ళు రాసేశారా? భాషలు తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

తులసికోట:
అమ్మా మీరా, చక్కటి పేరు. మీరాబాయి రాజస్థాన్‌లో మేడతా రాఠోడుల ఇంట సుమారు 1498లో పుట్టింది, మేవాడ్ రాణా సాంగా కొడుకు భోజరాజుకిచ్చి చేశారు, అంత రాచరికం కాదనుకుని గిరిధరుడే నా భర్త అని పాడుకుంటూ వెళ్ళిపోయింది. మన దేశంలో ఎక్కడ మీరా అని పిలిచినా ఆవిడే గుర్తొస్తుంది. నన్నడిగితే మిగతా దేశాల వాళ్ళకి కూడా ఆ పేరు మననుంచే వెళ్ళుంటుంది, అంతటి భక్తురాలు మరి.

ఎర్రమందారం:
@తులసికోట గారు, మీరాబాయి గొప్పతనం గురించి రెండో మాట లేదు. కానీ పేరు ఇక్కడినుంచి సెర్బియాకి ఎలా వెళ్తుందండీ, ఎవరు తీసుకెళ్ళారు? శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు కదా.

నదిఒడ్డు:
నేను మెడిసిన్ రష్యాలో చదివాను, స్లావిక్ (రష్యన్, సెర్బియన్ లాంటి భాషల కుటుంబం) సంగతి నేను చెప్తాను. రష్యన్‌లో మీర్ అన్న మాటకి రెండు అర్థాలు, శాంతి అని ఒకటి, ప్రపంచం అని ఒకటి. పలకడం రెండూ ఒకటే గానీ 1918 ముందు రాత వేరుగా ఉండేది, అప్పటి లిపిలో "ఇ" కి రెండు అక్షరాలుండేవి, శాంతికి ఒకటి ప్రపంచానికి ఒకటి వాడేవాళ్ళు. 1918లో స్పెల్లింగ్ సంస్కరణ వచ్చి ఒక అక్షరం తీసేశారు, దాంతో రెండూ ఒకేలా రాయడం మొదలైంది. 1986లో సోవియట్ వాళ్ళు పంపిన అంతరిక్ష కేంద్రం మీర్ కూడా ఈ మాటే, 2001 దాకా ఉంది కదా, దాని పేరుకి శాంతి అని చెప్పినా ప్రపంచం అని చెప్పినా సరిపోతుంది.

ఆడవాళ్ళ పేర్లలో మీరా విడిగానూ ఉంటుంది, పెద్ద పేరుకి ముద్దుపేరుగానూ ఉంటుంది. మీరొస్లావా అంటే మీర్ + స్లావా, స్లావా అంటే కీర్తి. వ్లాదిమీరా, కజిమీరా, ఇవన్నీ ఉన్నాయి. కజిమీర్ అనే పాత పేరు చూడండి, మొదటి సగానికి పాడుచెయ్యడం అని అర్థం, అంటే శాంతిని చెడగొట్టేవాడు! యుద్ధాలు చేసే రాజులకి పెట్టుకున్న పేరు మరి.

వానచినుకు:
వావ్, థాంక్యూ నదిఒడ్డు గారు. అంటే మా టీంలో ఆవిడ చెప్పింది కరెక్టే అన్నమాట.

పదవేట:
కరెక్టు కావచ్చు, కాకపోవచ్చు కూడా. సెర్బియన్, క్రొయేషియన్ వాళ్ళలో మీర్యానా అనే పేరు బాగా ఉంటుంది, దాన్ని కుదించి కూడా మీరా అనే పిలుస్తారు. ఆ మీర్యానా మీర్ నుంచి వచ్చింది కాదు, బైబిల్లో మోషే అక్క మిర్యాము ఉంది కదా, ఆ పేరు నుంచి వచ్చింది. అంటే ఒకే భాషలో, ఒకే వీధిలో ఉండే ఇద్దరు మీరాల్లో ఒకరిది శాంతి, ఇంకొకరిది మిర్యాము. వీలైతే ఆవిడ పూర్తి పేరు అడగండి.

ఇంకో సంగతి, నదిఒడ్డు గారు చెప్పిన వ్లాదిమీర్ లాంటి పేర్లలో చివరి ముక్క మొదట్లో మీర్ కాదు. పాత రాతల్లో అది "మేర్" కి దగ్గరగా ఉండేది, గొప్పవాడు, పేరున్నవాడు అనే అర్థం, గోథిక్ అనే పాత జర్మానిక్ భాష పేర్లలో కూడా దీని జోడీ కనిపిస్తుంది. తర్వాత్తర్వాత జనం నోట్లో అది తెలిసిన మాట మీర్ అయిపోయింది, దాంతో అర్థం కూడా శాంతి, ప్రపంచం వైపు తిరిగింది. పేర్ల విషయంలో ఇది చాలా మామూలు. పాత ముక్కకి అర్థం మర్చిపోతారు, చెవికి దగ్గరగా ఏ మాట ఉంటే దాని అర్థం వచ్చి కూర్చుంటుంది. ఈ థ్రెడ్‌లో మిగతా భాషల గురించి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుందాం, అన్ని మీరాల దగ్గరా ఏదో ఒక రూపంలో ఇదే జరుగుతుంది.

చిన్నిపాదాలు:
నేను కూడా ఈ పేరే అనుకుంటున్నాను, మాకు త్వరలో పాప రాబోతోంది (స్కానింగ్ చెప్పలేదు, నా నమ్మకం అంతే). సంస్కృతంలో సముద్రం అని ఉంది కదా, అది నిజమేనా? సంపన్నురాలు అనేది?

పదవేట:
ముందుగా శుభాకాంక్షలు @చిన్నిపాదాలు.

సముద్రం అనేది పూర్తిగా కల్పించింది కాదు. సంస్కృత నిఘంటువుల్లో "మీర" అనే మాట ఉంది, సముద్రం, పర్వతంలో ఒక భాగం, హద్దు, పానీయం అని అర్థాలిచ్చారు. కానీ రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, అది పుంలింగం, ఆడపేరుగా కాదు. రెండు, అది కోశకారులు, వ్యాకరణ వ్యాఖ్యాతలు చెప్పిన మాట, సంస్కృత-ఇంగ్లీషు నిఘంటువు రాసిన మోనియర్ విలియమ్స్ కూడా నిఘంటుకారులు మాత్రమే ఇచ్చిన అర్థం అనే గుర్తు పెట్టాడు. కాబట్టి రాజపుత్రుల ఇంట్లో పిల్లకి ఈ మాట చూసి పేరు పెట్టారని నేను నమ్మను. సంపన్నురాలు అనేదానికి సంస్కృతంలో నాకు ఏ ఆధారమూ కనబడలేదు, ఒక సైట్ రాస్తే మిగతావి ఎత్తి రాసుకున్నట్టున్నాయి.

మరి మీరాబాయి పేరు ఎక్కడినుంచి? ఇక్కడ పండితుల్లో వాదం ఉంది. హిందీలో మీరాఁ అని చివర ముక్కుతో పలికే రూపం కూడా ఉంది. పర్షియన్ "మీర్" నుంచి వచ్చిందని కొందరు, అక్కడి దేశభాషలోనే మూలం ఉందని కొందరు. ఇదే ఖాయం అని చెప్పగలిగిన ఆధారం ఎవరూ చూపించలేదు. ఆడపిల్లల పేరుగా మీరా ఇంత పాకింది మాత్రం ఆవిడ వల్లే, అందులో అనుమానం లేదు. అందుకే నన్నడిగితే మనవాళ్ళ మీరాకి అర్థం "మీరాబాయి" అనే చెప్పాలి. నిఘంటువు అర్థం కంటే అది బలమైన అర్థం. తులసికోట గారు మొదట చెప్పిన మాటని ఆ వరకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

తులసికోట:
సంతోషం బాబూ. పర్షియన్ అంటున్నారు, దాని సంగతి కూడా చెప్పండి ఎవరైనా. వాదాలు ఎన్నున్నా ఆ పేరు పలికితే నాకు తంబురా మీటిన శబ్దమే వినిపిస్తుంది.

ఉర్దూబడి:
అమ్మా, అది నేను చెప్తాను. పర్షియన్, ఉర్దూల్లో మీర్ అనేది అరబీ "అమీర్" కి పొట్టి రూపం. అమీర్ అంటే ఆజ్ఞ ఇచ్చేవాడు, అధిపతి. అమ్ర్ అంటే ఆజ్ఞ. మీర్జా అనే బిరుదు కూడా ఇందులోంచే, అమీర్‌జాదా, అంటే అమీరు బిడ్డ. దీనికి స్త్రీలింగం అమీరా, రాకుమారి అని సైట్లలో రాసేది దీన్ని చూసే. అరబ్ దేశాల్లో ఇప్పుడు మీరా అని విడిగా కూడా పెడుతున్నారు, చాలామంది దాన్ని అమీరాకి ముద్దుపేరుగానే అనుకుంటారు.

కానీ అరబీలో "మీరా" అనే వేరే మాట ఇంకోటి ఉంది, ఈ అమీరాతో సంబంధం లేదు. మీరా అంటే ఇంటికి తెచ్చుకునే తిండిగింజలు, ప్రయాణానికి సమకూర్చుకునే సరుకు. ఖురాన్‌లో యూసుఫ్ సూరా 65వ ఆయత్‌లో అన్నదమ్ములు తండ్రితో "మా ఇంటివాళ్ళకి ధాన్యం తెచ్చుకుంటాం" అనే చోట "నమీరు" అనే క్రియ ఈ ధాతువుదే. కరువు రోజుల్లో ఇంటికి ధాన్యం రావడం కంటే శుభమేముంది, నాకు ఈ అర్థం రాకుమారి కంటే ఎక్కువ నచ్చుతుంది.

ఇంకొకటి. మన దక్షిణాదిలో ముస్లింలలో మీరా మగవాళ్ళ పేరు. మీరా సాహెబ్, మీరావలి, మీరా మొహిద్దీన్, వినే ఉంటారు. 1989లో సుప్రీంకోర్టుకి మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి అయిన ఫాతిమా బీవీ గారి తండ్రి పేరు మీరా సాహెబ్. అది మీర్, మీరాన్ అనే గౌరవ బిరుదుల్లోంచి వచ్చింది.

ఎర్రమందారం:
ఇది నేనసలు ఊహించలేదు. అంటే మన చుట్టూనే మీరా ఆడపేరు, మగపేరు రెండూనా.

పద్యంపిచ్చి:
మగ మీరా ఇంకొకరున్నారు. తమిళ కవి మీరా, మీ. రాజేంద్రన్ గారు. తండ్రి పేరు పొడి అక్షరం మీ, పేరులో మొదటి అక్షరం రా, కలిపితే మీ.రా. ఆయన పేరుకి భక్తితోనూ శాంతితోనూ పనిలేదు.

సరే గానీ ఇన్ని భాషలు తిరిగొచ్చారు, తెలుగుని వదిలేశారేంటండీ! తెలుగులో మీరా అంటే "మీరు + ఆ", తలుపు తీసి ఎవరూ, ఓ మీరా! అంటాం. మా క్లాసులో మీరా అనే అమ్మాయి ఉంటే టీచర్ "మీరా?" అన్న ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు లేచి నిలబడేవాళ్ళు. ఇంతకన్నా అందమైనది ఇంకోటుంది. మీఱు అనే క్రియ, బండిరతో రాసేవాళ్ళు. మితిమీరు, మాట మీరు అని ఇప్పటికీ అంటున్నాం, హద్దు దాటడం. పాత పద్యాల్లో అదే మాట మంచి అర్థంలో వస్తుంది, "ప్రేమ మీఱ", "సొంపు మీఱ", అంటే ప్రేమ పొంగిపొర్లేట్టుగా, అందం ఉప్పొంగేట్టుగా. ఇప్పుడు బండిర పోయి మామూలు ర వచ్చేసింది కాబట్టి "ప్రేమ మీర" అనే రాస్తాం. పేరుకి మూలం ఇది కాదు, నాకు తెలుసు, కానీ తెలుగింట్లో మీరా అని పెట్టుకున్నవాళ్ళు ఈ ధ్వని వింటే తప్పేముంది?

వానచినుకు:
ప్రేమ మీర!! ఇన్నేళ్ళూ నా పేరులో ఇది ఉందని ఎవరూ చెప్పలేదు నాకు. థాంక్యూ సో మచ్ పద్యంపిచ్చి గారు.

చిన్నిపాదాలు:
నాదో చిన్న డౌటు. సీతా, రాధా, తారా హిందీలో దీర్ఘం ఉంటుంది, మనం సీత, రాధ, తార అంటాం. మరి మీరాని మీర అనం ఎందుకు? రేషన్ కార్డులో ఎలా రాయించాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

పద్యంపిచ్చి:
మంచి ప్రశ్న. సంస్కృతం నుంచి తెలుగులోకి తత్సమంగా వచ్చిన ఆకారాంత స్త్రీలింగాలకి చివర దీర్ఘం పోతుంది, అది మన వ్యాకరణం. సీత, రమ, లత, ఉమ అన్నీ అంతే. మీరా ఆ దారిలో రాలేదు. ఉత్తరాది నుంచి, హిందీ పలుకుబడితో నేరుగా వచ్చింది, రీనా, టీనా, నీనా లాగా. అందుకే దీర్ఘం అలాగే ఉండిపోయింది. పేరు ఏ దారిలో వచ్చిందో ఆ చివరి దీర్ఘమే చెప్పేస్తోంది. మీరా అనే రాయించండి.

మూడోమలుపు:
లాటిన్ గురించి ఎవరూ చెప్పలేదు. మీరా అంటే అద్భుతమైనది అని అర్థం కదా? మిరకిల్ కూడా అక్కడిదే అనుకుంటా. మా పాప స్పానిష్ నేర్చుకుంటోంది, అక్కడ మీరా అంటే "చూడు" అట, ఊరికే ఇంట్లో మీరా మీరా అంటూ తిరుగుతోంది.

పదవేట:
నేను దీనికోసమే ఆగాను, కొంచెం పెద్దగా రాస్తాను ఓపిక పట్టండి.

లాటిన్‌లో మీరుస్ అంటే ఆశ్చర్యం కలిగించేది, దాని స్త్రీలింగం మీరా. దీన్నుంచి మీరారి, ఆశ్చర్యపోవడం. ఆశ్చర్యపోయినవాడు కళ్ళప్పగించి చూస్తాడు కదా, అలా స్పానిష్‌లో మిరార్ అంటే మెల్లగా "చూడటం" అయింది, మీ పాప అనే మీరా అదే. ఫ్రెంచిలో అదే మాట నుంచి అద్దానికి పేరొచ్చింది, దాన్నుంచి ఇంగ్లీషులో మిర్రర్. మిరాజ్, మిరకిల్, అడ్మైర్, మార్వెల్, ఇవన్నీ ఒకే కుటుంబం. పేర్లలో మిరాండా ఉంది, షేక్‌స్పియర్ 1611 ప్రాంతంలో రాసిన టెంపెస్ట్ నాటకంలో నాయికకి లాటిన్ చూసి పెట్టాడు, మెచ్చుకోదగినది అని. ఫ్రెంచి వాళ్ళ మిరెయ్ అనే పేరు 1859లో ప్రొవెన్సల్ భాషలో మిస్త్రాల్ రాసిన కావ్యం వల్ల వ్యాపించింది, దాన్ని కూడా చాలామంది ఈ కుటుంబంలోనే కలుపుతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లాటిన్ మీరాకి సంస్కృతంలో నిజమైన చుట్టం ఉంది, అది మన మీరా కాదు! లాటిన్‌లో మాట మొదట్లో "స్మ్" ఉంటే స కారం పడిపోయింది. ఆ పోయిన స ని వెనక్కి తెచ్చి పెట్టి చూడండి: స్మీర. సంస్కృతంలో "స్మేర" అంటే నవ్వుతున్న అని, స్మేరవదనం, స్మేరానన అంటాం. ధాతువు స్మి. స్మితం అంటే చిరునవ్వు, విస్మయం అంటే ఆశ్చర్యం. చిరునవ్వు, ఆశ్చర్యం రెండూ ఒకే ధాతువులో పక్కపక్కన ఉన్నాయి, లాటిన్ వాళ్ళు ఆశ్చర్యాన్ని ఉంచుకున్నారు, మనం రెండూ ఉంచుకున్నాం. ఇంగ్లీషు స్మైల్ కూడా ఇదే మూలం. కాబట్టి ఇటలీలో మీరా అని ఒకమ్మాయి ఉంటే, మూలం ప్రకారం ఆమె పేరుకి మన దగ్గర బంధువులు స్మిత, సుస్మిత. మీరా కాదు. ఒకేలా వినిపించేవి పరాయివి, ఏమాత్రం కలవనట్టు వినిపించేవి సొంతవి. భాషల చరిత్రలో నాకు ప్రాణం లేచొచ్చేది ఇలాంటి చోటే.

వానచినుకు:
మా చెల్లి పేరు సుస్మిత!!! దానికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

ఎర్రమందారం:
అంతా బాగుంది గానీ స్లావిక్ మీర్ కి సంస్కృతంలో ఏమైనా జోడీ ఉందా మరి? వరాహమిహిరుడి మిహిర అని ఎక్కడో చదివాను.

పదవేట:
మిహిర అంటే సూర్యుడు, అది ఇరాన్ వైపు నుంచి సంస్కృతంలోకి వచ్చిన మాట, అక్కడి మిత్ర దేవత పేరు మిహ్ర్ అయింది, ఇప్పటి పర్షియన్ మెహర్ అదే. స్లావిక్ మీర్ ని కొందరు ఈ "మిత్ర" మూలంతో కలుపుతారు, ఒప్పందం, స్నేహం, దాన్నుంచి శాంతి అని. ఇంకొందరు మెత్తన, సౌమ్యం అనే అర్థమున్న వేరే మూలం చెప్తారు. స్మిత సంగతి చెప్పినంత ధీమాగా దీన్ని చెప్పను. మీరాబాయికి మాత్రం దీనితో సంబంధం లేదు.

ఉర్దూబడి:
పదవేట గారు, అమీర్ కీ లాటిన్ మీరాకీ ఒకచోట నిజంగానే ముడిపడింది తెలుసా? అడ్మిరల్ అనే మాట. అది అరబీ "అమీర్ అల్-" నుంచి యూరప్‌కి వెళ్ళింది, అధిపతి అని. అమీర్‌లో ఎక్కడా డ లేదు. మధ్యయుగాల లాటిన్ రాసేవాళ్ళకి ఆ మాట వినగానే వాళ్ళకి తెలిసిన అడ్మిరారి, అంటే మెచ్చుకోవడం, గుర్తొచ్చి మధ్యలో డ తెచ్చి పెట్టేశారు. అలా అరబీ అమీర్, లాటిన్ మీరా ఒకే మాటలో కలిసిపోయాయి.

పదవేట:
చాలా బాగా గుర్తుచేశారు. ఇంకొక్క అడుగు వేద్దాం. గాంధీగారి దగ్గరికి 1925లో సబర్మతికి వచ్చిన మాడలిన్ స్లేడ్, ఆవిడకి గాంధీగారు పెట్టిన పేరు మీరా, మీరాబాయి పేరు చూసే. మనకి మీరాబెన్‌గా తెలుసు. ఆవిడ తండ్రి సర్ ఎడ్మండ్ స్లేడ్ బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్! అడ్మిరల్ గారి కూతురు మీరా అయింది. కేవలం కాకతాళీయం, అయినా చదివిన ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆవిడకి 1981లో పద్మవిభూషణ్ ఇచ్చారు, తర్వాతి ఏడాదే వియన్నాలో పోయారు.

తులసికోట:
పుదుచ్చేరి అమ్మ పేరు కూడా మీరాయే కదా, అరవిందాశ్రమం అమ్మ.

నదిఒడ్డు:
అవునండీ, మీరా అల్ఫాసా, 1878లో పారిస్‌లో పుట్టారు. కాకపోతే ఆవిడకి అది పుట్టినప్పుడు పెట్టిన పేరు, ఇక్కడికొచ్చాక మార్చుకున్నది కాదు, ఫ్రెంచిలో మధ్యలో ర రెండుసార్లు రాస్తారు. మీరాబెన్‌ది ఇక్కడ పెట్టిన పేరు, ఈవిడది తనతో వచ్చిన పేరు. చాలామంది ఇద్దరినీ కలిపేసి మాట్లాడతారు.

చిన్నిపాదాలు:
వెలుగు అనే అర్థం మిగిలిపోయింది. అది ఏ భాష?

పదవేట:
హీబ్రూ. ఓర్ అంటే వెలుగు, మెయీర్ అంటే వెలుగునిచ్చేవాడు, స్త్రీలింగం మెయీరా. ఒకప్పటి ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ ఇంటిపేరు అదే, మొదట మేయర్సన్, 1956లో హీబ్రూ రూపంలోకి మార్చుకున్నారు. మెయీరా త్వరగా పలికితే మీరాలాగే ఉంటుంది. అదే భాషలో మిర్యాముకి పొట్టి రూపంగా కూడా మీరా ఉంది. మిర్యాము అర్థం గురించి అయితే శతాబ్దాలుగా చర్చ నడుస్తోంది, చేదు అనీ, తిరుగుబాటు అనీ, ఈజిప్టు భాషలో ప్రియమైన అనే మాట నుంచి అనీ. మేరీ, మరియ, మరియం అన్నీ ఆ పేరే కాబట్టి మీర్యానాలూ వాళ్ళ మీరాలూ ఆ చర్చలోకే వస్తారు.

నదిఒడ్డు:
అల్బేనియాది కూడా రాసేస్తా. వాళ్ళ భాషలో మిర అంటే మంచి, శుభోదయం చెప్పే మాట ఆ మిర తోనే మొదలవుతుంది. ఆడవాళ్ళకి మీరా అని పెడతారు, మంచిది అని. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఉండేది. ఇన్ని భాషల్లో ఏదీ చెడ్డ అర్థం లేకపోవడం ఈ పేరు అదృష్టం.

మూడోమలుపు:
అక్కడ కొంచెం ఆగాలి. నేను కొంతకాలం జపనీస్ నేర్చుకున్నాను. జపనీస్‌లో "మీరా", సరిగ్గా మనలాగే మీ కి దీర్ఘం, అంటే మమ్మీ. అమ్మ కాదు, ఈజిప్టు మమ్మీ! కొరియన్‌లో కూడా అదే మాట మిరా. పోర్చుగీసు వాళ్ళు శవాలు చెడకుండా పూసే మిర్రా అనే జిగురుని తెచ్చారు, ఆ జిగురు పేరే జపాన్‌లో శవానికి పేరైపోయింది. బైబిల్లో బోళము అంటారు చూడండి, ఆ జిగురే. చిన్నిపాదాలు గారు భయపడక్కర్లేదు, కొరియాలో మిరా అని ఆడవాళ్ళ పేర్లు మామూలుగానే ఉన్నాయి, వాళ్ళు పేరుకి అక్షరాలు వేరుగా చూసుకుంటారు, ఎవరూ మమ్మీ అనుకోరు.

పదవేట:
ఆ మిర్రాకి మూలం అరబీ, హీబ్రూ లాంటి సెమిటిక్ భాషల్లో చేదు అనే ధాతువు. మిర్యాముకి చేదు అని అర్థం చెప్పేవాళ్ళు చూపించే ధాతువు కూడా ఇదే. అంటే జపాన్ మమ్మీ, సెర్బియా మీర్యానా ఒక వాదం ప్రకారం చుట్టాలవుతారు, సెర్బియా మీర్యానా, సెర్బియా మీరొస్లావా మాత్రం కారు.

చిన్నిపాదాలు:
భయమేం లేదండీ, పేరు ఇంకా గట్టిగా నచ్చింది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మాత్రం ఏది పెట్టాలి? ఎం తర్వాత ఒక ఐ నా, రెండు ఈ లా?

ఎర్రమందారం:
రెండు ఈ లు పెట్టండి. ఒక ఐ పెడితే ఇంగ్లీషు వాళ్ళు కొందరు మైరా అని చదువుతారు. మైరా అనేది వేరే పేరు, వై తో రాస్తారు, ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లీషు కవి కవిత్వం కోసం కల్పించినదంటారు. ఒక ఐ తో లాభం ఏంటంటే యూరప్‌లో చాలాచోట్ల అదే స్పెల్లింగ్, సరిగ్గా మీరా అనే చదువుతారు. పిల్ల ఎక్కడ పెరుగుతుందో చూసుకుని పెట్టుకోవాలి.

చుక్కలలెక్క:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఆకాశంలో కూడా ఒక మీరా ఉంది, అది చెప్పకుండా ఎలా వదిలేస్తాను.

తిమింగలం ఆకారంగా చెప్పే సీటస్ రాశిలో ఒక చుక్క. 1596 ఆగస్టులో డేవిడ్ ఫాబ్రిసియస్ అనే ఆయన దాన్ని గమనించాడు, కొన్ని వారాలకి మసకబారి కనబడకుండా పోయింది, కొత్తగా పుట్టి ఆరిపోయిన తార అనుకున్నాడు. 1609లో మళ్ళీ కనబడింది. 1638లో హోల్వార్డా అనే డచ్ శాస్త్రజ్ఞుడు ఇది పదకొండు నెలలకోసారి వచ్చిపోతోందని తేల్చాడు. 1662లో హెవీలియస్ దానికి మీరా అని పేరు పెట్టాడు, పదవేట గారు చెప్పిన లాటిన్ మీరాయే, ఆశ్చర్యకరమైనది. నక్షత్రాలు మారవు అని అందరూ నమ్మిన రోజుల్లో ఒక చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆశ్చర్యం కాక ఇంకేం పేరు పెడతారు.

సుమారు 332 రోజుల చక్రం. బాగా వెలిగినప్పుడు కంటికి మామూలు చుక్కలా కనబడుతుంది, తగ్గినప్పుడు టెలిస్కోప్ కావాల్సిందే. వయసైపోయిన ఎర్రటి పెద్ద తార, ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఇలాంటివన్నిటినీ ఇప్పుడు మీరా తరహా తారలు అనే అంటారు, ఒక పేరు ఒక జాతికే పేరైపోయింది. 2007లో ఇంకో వింత బయటపడింది, అతినీలలోహిత కాంతిలో చూసే గేలెక్స్ టెలిస్కోప్‌తో చూస్తే దీని వెనక 13 కాంతి సంవత్సరాల పొడవు తోక ఉంది, తను వదిలిన పదార్థమే. యురేనస్ చందమామల్లో మిరాండా కూడా ఉంది, 1948లో కైపర్ కనిపెట్టాడు, అది ఆ నాటకంలో అమ్మాయి పేరే.

తులసికోట:
ఎంత బాగా చెప్పారు నాయనా. కనబడుతూ మాయమవుతూ ఉండే చుక్క.

వానచినుకు:
అప్‌డేట్! మా మీరాని అడిగాను. ఆవిడ పూర్తి పేరు మీర్యానా! వాళ్ళ అమ్మమ్మ పేరట. శాంతి అనే అర్థం తను స్కూల్లో ఎవరో చెప్తే నమ్మింది, ఇంట్లో ఎవరూ అలా చెప్పలేదట. పదవేట గారు రాసినవన్నీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, చాలాసేపు మౌనంగా విని, మిర్యాము అయినా సరే నాకు శాంతి కూడా కావాలి అంది.

పదవేట:
చాలా సంతోషం. శాంతిని వదులుకోమని ఆవిడకి చెప్పకండి. పైన వ్లాదిమీర్ సంగతిలో చూశాం కదా, జనం ఒక అర్థంతో వందల ఏళ్ళు పిలిస్తే అది కూడా ఆ పేరు చరిత్రలో భాగమే. వేరు ఎక్కడ ఉందో తెలుసుకోవడం ఒక పని, ఇంట్లో ఏమని నమ్మి పెట్టారో తెలుసుకోవడం ఇంకో పని, రెండూ రాసి పెట్టుకోవాలి. పిల్లల పేర్ల సైట్ల మీద నా కోపమల్లా ఇక్కడే, భాష పేరు రాయకుండా సముద్రం, వెలుగు, రాకుమారి అని పక్కపక్కన పెట్టేస్తాయి, చదివినవాళ్ళకి ఒకే మాటకి ఇన్ని అర్థాలేమో అనిపిస్తుంది. కనీసం ఫలానా భాషలో అని ఒక్క మాట రాస్తే ఎంత బాగుండేది.

చిన్నిపాదాలు:
నేను రాసి పెట్టుకుంటున్నాను. పాప పుస్తకంలో మొదటి పేజీలో మీరాబాయి, కింద "ప్రేమ మీర", ఆ తర్వాత ఉర్దూబడి గారు చెప్పిన ఇంటికొచ్చే ధాన్యం. ఇంకేమైనా భాషలుంటే చెప్పండి, పేజీలో చోటుంది.

ఉర్దూబడి:
మగపిల్లాడు పుట్టినా పేరు మార్చక్కర్లేదమ్మా, మీరా సాహెబ్‌లు ఎందరో ఉన్నారు.